ముందు చేదు గ్లాసు

పక్కింటి జావా ఆవిడ పోయారు. మంగళవారం పొద్దున వాళ్ళమ్మాయి ఫెన్సు దగ్గరకు వచ్చి చెప్పింది. నిద్రలోనే పోయారట. ఇంట్లోకి వచ్చి కూర్చున్నాను, లేచాను, మళ్ళీ కూర్చున్నాను. సాయంత్రం వాళ్ళ ఇండోనేషియా సంఘం అధ్యక్షుడు ఫోన్ చేశాడు. ఈ ఏటి పాతకాలపు సంతను ఆవిడ స్మృతికి అంకితం చేస్తున్నారట, పొరుగువాడిగా నేను నాలుగు మంచి ముక్కలు రాసివ్వాలట. "పాత గొడవలు వద్దు సార్, పాజిటివ్‌గా ఉండాలి," అన్నాడు. అతనికి రాసివ్వలేదు. ఇక్కడ రాస్తున్నాను.

ఆ సంతను మొదలుపెట్టింది ఆవిడే. ఇక్కడ, కెనడాలోని కాల్గరీలో ఒక కమ్యూనిటీ హాలు అద్దెకు తీసుకుని, నేల మీద చాపలు పరిచి, తన చిన్నప్పటి జావా సంతను అందులో దింపారు. బట్ట మీద మైనంతో బాతిక్ గీసేవాళ్ళు, తోలుబొమ్మలు చెక్కేవాళ్ళు, అరిటాకు పొట్లాల్లో కొబ్బరి తీపి. ఆవిడ మాత్రం కషాయాలు అమ్మేవారు. జాము అంటారు. ఒకటి నేలవేముతో కాచింది, నాలుక మొద్దుబారేంత చేదు. రెండోది పసుపు, చింతపండు, బెల్లం కలిపింది. చేదు గ్లాసు ఖాళీ చేస్తేనే తీపి గ్లాసు. ఉట్టి తీపి అడిగితే వినపడనట్టే ఉండేవారు.

మా నాయనమ్మ కూడా జ్వరానికి నేలవేమే పోసేదని, తర్వాత తీపి ఏమీ ఇచ్చేది కాదని ఒకసారి చెప్పాను.

"అయితే మీ మొహం ఎందుకలా ఉంటుందో ఇప్పుడు తెలిసింది, పా," అన్నారు. వాళ్ళు మగవాళ్ళను మర్యాదగా అలా పిలుస్తారు.

గరాజ్ తలుపు ఎత్తి పెట్టి కాచేవారు. వీధంతా ఘాటు. ఎదురింటివాళ్ళు సిటీకి ఫిర్యాదు చేస్తే, వాళ్ళకూ ఒక సీసా పట్టుకెళ్ళారు. చేదుదే.

తర్వాత కొత్త కమిటీ వచ్చింది. పిల్లలు ఉమ్మేస్తున్నారని, చేదు మానేసి తీపి అమ్మమన్నారు. ఆవిడ కుదరదన్నారు. మరుసటి ఏడు స్టాల్ ఇవ్వలేదు. ఇంట్లో కాచింది నిబంధనలకు ఒప్పదట. ఇంట్లో వండిన కొబ్బరి తీపికి ఆ నిబంధన గుర్తు రాలేదు. ఆవిడ చోటులో తియ్యటి బబుల్ టీ పెట్టారు. గతం గురించి పుస్తకాలు చాలానే చదివాను. రాసినవాళ్ళలో ఎక్కువమంది చక్కెర కలిపినవాళ్ళే. మనవాళ్ళు నవ్వనక్కర్లేదు. మన తెలుగు అసోసియేషన్ ఉగాది పచ్చట్లో వేపపువ్వు కోసం భూతద్దం పెట్టి వెతకాలి.

ఆవిడ నాతో అన్నది ఒక్కటే. "స్టాల్ పోతే పోయింది, పా. నేను పోయాక ఈ పిల్లలు జాము అంటే జ్యూస్ అనుకుంటారు. ఆ ఒక్క ఆలోచనతో నిద్ర పట్టడం లేదు."

పోయినేడు సంత రోజున, కారులో దింపమన్నారు. వీపున బుట్ట, అందులో సీసాలు, భుజం మీదుగా బిగించి కట్టిన బట్ట. గుమ్మంలోనే అధ్యక్షుడు ఎదురొచ్చాడు.

"ఆంటీ, మీకు ఈసారి స్టాల్ లేదు కదా?"

"జాము మనిషికి స్టాల్ ఎప్పుడుంది నాయనా? నడిచే అమ్ముతాం," అని లోపలికి నడిచారు.

చాపల మీది ముసలమ్మలు ముందు లేచారు. వెనక పిల్లలు. నాలుగు కెమెరాలు తిరిగేసరికి అధ్యక్షుడూ గ్లాసు పట్టక తప్పలేదు. అందరికీ చేదు పోశారు. తాగారు. తీపి కోసం చేతులు చాచారు. ఆవిడ సీసాకు బిరడా బిగించి, తీపి హాలు ఆ చివర పోస్తానని చెప్పి బయల్దేరారు.

అందరూ వెంటపడ్డారు. ఉమ్మడానికి చోటులేక బుగ్గలు పూరించుకున్న పిల్లలు, కళ్ళనీళ్ళతో ముసలమ్మలు, మొహం వంకరపోయిన అధ్యక్షుడు, బబుల్ టీ పక్కనుంచే ఒకరి వెనక ఒకరు. ముందు ఆవిడ. తొందరేమీ లేదు.