సబ్బుపెట్టెలో వచ్చిన ప్రాసెసర్

నా దుకాణం కోరుట్లలో ఒక మెట్ల కింది గది. పెళ్లికార్డులు, కరపత్రాలు, దుబాయి పోయేవాళ్ల బయోడేటాలు టైపు చేసి ఇవ్వడం నా పని. నా కంప్యూటర్ ఎంత ముసలిదంటే, రంగుల ఫొటో తెరవమని చెప్పి పక్క హోటల్లో చాయ్ తాగి వచ్చినా పెళ్లికొడుకు నుదురు దగ్గరే ఆగి ఉండేది. కార్డు కోసం వచ్చినవాళ్లు ముక్కు దాకా ఎదురుచూసి, ఇక లాభం లేదని జగిత్యాల బస్సెక్కేవాళ్లు.

మా ఆయన దుబాయిలో ఉండేవాడు. ఆఫీసు పని అన్నాడు. కనపడిన ప్రతిదాన్ని ఎందుకు, ఏమిటి అని తవ్వే నేను ఆ ఒక్కటి తవ్వలేదు. ఆయన వెనక్కి రావాలంటే ఈ గది ఇద్దరికి అన్నం పెట్టాలి. ఫోన్‌లో ఏం మాట్లాడినా చివరికి అక్కడికే వచ్చేవాళ్లం. రంగుల కార్డులు, ఫొటో ఆల్బమ్‌లు పట్టుకుంటే ఈ గది ఆ అన్నం పెడుతుంది. దానికి కంప్యూటర్ ఉరకాలి. "మెషిన్ మంచిగైందంటే నేను అచ్చినట్టే" అనేవాడు. ఏం మార్చాలని ఆయన అడిగితే, మెకానిక్ నాకు చెప్పిన మాటే నేనూ చెప్పాను. "ప్రాసెసరట. గదే దీనికి మెదడట."

కొన్నాళ్లకు కథలాపూర్ మనిషి ఒకాయన సెలవు మీద వస్తూ మా ఆయన ఇచ్చిన సామాను తెచ్చాడు. నొప్పుల మందు, అత్తరు సీసా, ఒక ప్లాస్టిక్ సబ్బుపెట్టె. పెట్టె తెరిస్తే సబ్బు లేదు. కోసిన థర్మాకోల్ ముక్కకు, కమ్మలు గుచ్చినట్టు, ఒక ప్రాసెసర్ గుచ్చి ఉంది.

దాన్ని పీకి చూశాను. పైన ఇనుప రేకు, కింద వందల కాళ్లు, చీమ కాళ్లంత సన్నగా, బంగారు రంగులో బారులు తీరి. సూదితో లెక్కపెట్టబోయి సగంలో తప్పిపోయి, మళ్లీ మొదలుపెట్టి మళ్లీ తప్పిపోయాను. ఒక మూల మాత్రం కాళ్లు లేవు. విరిగాయేమోనని వెలుగుకు పట్టి చూశాను. విరిగితే అంత శుభ్రంగా విరగవు కదా అని తర్వాత తోచింది. ఇక ఆగలేక నా కంప్యూటర్ డబ్బా విప్పాను. లోపలున్న ముసలి ప్రాసెసర్‌కు అసలు కాళ్లే లేవు. కాళ్లన్నీ బోర్డులోనే ఉన్నాయి. కాళ్ల మీద కాళ్లు పెట్టి ఎట్లా కూర్చోబెట్టాలో నాకు అంతుచిక్కలేదు.

సబ్బుపెట్టె పట్టుకుని జగిత్యాల పోయాను. అక్కడ కంప్యూటర్ సామాన్ల దుకాణం నడిపే భాయ్ నాకు పాత ఎరిక. ఉర్దూ, తెలుగు కలిపి మాట్లాడతాడు, నేనెన్ని ప్రశ్నలేసినా విసుక్కోడు. పెట్టె తెరిచి నవ్వాడు.

"ఇది వేరే కంపెనీది చెల్లె. నీ బోర్డుల కూసోది. ఎవ్వలైనా రెండు ఒక్కసారే చూస్తరు. ప్రాసెసర్ ఏది, దానికి సరిపోయే బోర్డు ఏది అని. బోర్డు మారితే ర్యామ్ గూడ చూసుకోవాలె. ఒక్కదాన్నే తెచ్చుకుంటే ఏం ఫాయిదా?"

"చెప్పుల కంపెనీలన్నీ ఒకటే కాలుకు చేస్తలేవా భాయ్? గీళ్లకేం రోగం?"

"గట్ల చేస్తే మా దుకాణాలు నడుస్తయా?"

ఆ కాళ్లు లేని మూల సంగతి కూడా చెప్పాడు. తలకిందులుగా ఎవరూ పెట్టకుండా అది గుర్తట. తర్వాత కొత్త బోర్డు, కొత్త ప్రాసెసర్ జత ఒకటి ముందు పెట్టి, ఇదే తీసుకోమన్నాడు.

"నీది పాతది చెల్లె."

"పాతదేంది భాయ్? దుబాయికెల్లి అచ్చింది."

భాయ్ రేకు అంచున గోరుతో గీకాడు. బూడిద రంగు పొడి రాలింది. "ఫ్యాన్ బిగించేముందు దీని మీద పేస్ట్ పెడ్తం. ఎండిపోయింది చూడు. ఎవ్వలి మెషిన్లనో మస్తు నడిచింది ఇది."

కోరుట్ల చేరేదాకా బస్సులో ఆ దుబాయి దుకాణదారుణ్ని నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను. అమాయకుణ్ని చేసి పాతసరుకు అంటగట్టాడని నా మంట. శుక్రవారం మా ఆయన ఫోన్ చేయగానే మొదలుపెట్టాను.

"నిన్ను నిలువునా మోసం చేసిండ్రు. పాతది ఇచ్చిండ్రు నీకు."

"ఎవ్వలు మోసం చెయ్యలేదు. నేను కొన్లేదు. ఆఫీసు బందువెడ్తున్నరు. మెషిన్లన్ని కింద పారేసిండ్రు. ఊడ్వబోయినప్పుడు చూసిన. మెదడన్నవు గదా, గదే ఇప్పిచ్చుకున్న. అడిగే తీస్కున్న, దొంగతనం గాదు."

"ఊడ్వబోయినప్పుడా?"

జీతం అడిగితే, ఆగిపోయి చాలా రోజులైందన్నాడు. "బోర్డు గూడ ఉండె. సూట్‌కేస్‌ల జాగ లేదన్నడు సామాను తెచ్చినాయన. మెదడు ఉన్నంక మిగిలింది యాడనన్న దొరుకుతది అనుకున్న." తర్వాత గొంతు తగ్గించి అడిగాడు. "కూసున్నదా మరి?"

సబ్బుపెట్టె నా ఒళ్లోనే ఉంది. "కూసున్నది. మస్తు నడుస్తంది. నువ్వు రా" అన్నాను.

ఫోన్ పెట్టేశాక బాగా ఏడ్చాను. కూర్చోలేదని చెబితే ఆయన అక్కడ తానుండే క్యాంపులోనే, జీతం లేకుండా, నాకు పంపడానికి ఇంకేదో వెతుకుతూ ఉండిపోతాడు. అది నాకు రూఢిగా తెలుసు.

మళ్లీ జగిత్యాల పోయి, ఈ కాళ్లకు సరిపోయే బోర్డు కావాలన్నాను. అలాంటివి కొత్తవి రావడం ఆగిపోయిందన్నాడు భాయ్. కొత్త జత తీసుకుంటే పీడ పోయేది కదా అని ఎవరైనా అంటారు, భాయ్ కూడా అన్నాడు. కానీ ఆయన వచ్చి మూత తీసి చూస్తే? నేను పట్టిన పట్టు విడవనని భాయ్‌కి తెలుసు. తల గోక్కుని, సిరిసిల్లలో మగ్గాలకు చీర అంచుల డిజైన్లు గీసే ఒక పెద్దాయనకు తానే అలాంటి బోర్డు వేశానని, ఆయన ప్రాసెసర్ కాలిపోయిందని గుర్తు చేసుకున్నాడు. నా ప్రాసెసర్ మీది ఎండు పేస్ట్ తుడిచేసి, కొత్త పేస్ట్ ఒక చిన్న సిరంజిలో ఇచ్చాడు. ఎట్లా పెట్టాలో తన దగ్గరున్న బోర్డు మీద చూపించాడు. "నొక్కొద్దు చెల్లె. మూల చూసి ఇడిస్తే దానంతట అదే దిగుతది."

కొడిమ్యాల మీదుగా వేములవాడ, అక్కడ బస్సు మారి సిరిసిల్ల. పెద్దాయన ఇంట్లో మూటలు కట్టి ఉన్నాయి, భార్యాభర్తలు మహారాష్ట్రలోని భివండికి పోతున్నారు. వీధిలో మగ్గాల చప్పుడు లేదు.

"ఇదివరకు ఈడ నిలవడితే ఒర్రినా ఇనవడకపోతుండె బిడ్డా" అన్నాడాయన. "ఇప్పుడు మెల్లగ మాట్లాడినా ఇనవడ్తంది."

డబ్బా మూత తీస్తే లోపల ఫ్యాన్ కనపడలేదు. పరుపు చింపినట్టు తెల్లటి దూది నూగు. మగ్గాల నుంచి లేచిన నూగంతా ఫ్యాన్ లాక్కుని, రెక్కలు తిరగక ప్రాసెసర్ మాడిపోయిందట. కొత్తది వేద్దామనుకునేసరికి డిజైన్లు అడిగేవాళ్లే లేకుండా పోయారు.

"మల్ల నీకు కావాలె గద కాకా?" అని అడిగాను.

"గక్కడ మగ్గం మీద పనికి పోతున్న. డిజైన్లు నాతోని ఎవ్వలు గీపిస్తరు? తీస్కపో." ఒక్కటి మాత్రం అడిగాడు. "నడుస్తదో లేదో ఈడనే చూడరాదు?"

ఇద్దరం నూగు దులిపాం. కాళ్లు లేని మూల చూసుకుని ప్రాసెసర్‌ను బోర్డు మీద పెట్టి వదిలాను. నొక్కలేదు. పిల్ల తల్లి ఒళ్లోకి జారినట్టు తనంతట తనే దిగింది. పేస్ట్ రాసి ఫ్యాన్ బిగించాక స్విచ్ వేశాడు. తెర వెలిగింది. కాసేపటికి ఆయన చివరగా గీసిన మామిడిపిందెల అంచు కనపడింది. లోపలి నుంచి ఆయన భార్య కూడా వచ్చి నిలబడింది. ముగ్గురం దాన్నే చూశాం. నాకు సంతోషంగా ఉంది, సంతోషంగా ఉన్నందుకు సిగ్గుగానూ ఉంది. ఆయనే స్విచ్ ఆపేసి, డిజైన్లన్నీ దాచుకున్న హార్డ్‌డిస్క్ విప్పి తువాలలో చుట్టి మూటలో పెట్టుకున్నాడు.

"ఇదొక్కటి నా దగ్గరుండనీ" అన్నాడు.

ఆ డబ్బా కోరుట్లకు తెచ్చి నా పాత హార్డ్‌డిస్క్ దానికి బిగించుకున్నాను. కొన్నాళ్లకు మా ఆయన ఒక పొద్దున చేతిసంచీతో దిగి, ఇంటికి పోకుండా నేరుగా దుకాణానికి వచ్చాడు. మనిషి చిక్కిపోయాడు. "ఏదీ?" అన్నాడు. డబ్బా మూత తీశాను.

"ఫ్యాన్ కింద ఉన్నది. కనవడది."

వంగి చాలాసేపు చూశాడు. "కనవడకున్నా నడుస్తంది గదా" అన్నాడు. బోర్డు సందుల్లో ఇంకా నూగు ఉంటే నోటితో ఊదాడు. తర్వాత బల్ల మీది గుడ్డ ఆయన చేతిలోకి ఎప్పుడొచ్చిందో నేను చూడలేదు. డబ్బా తుడిచాడు, కీబోర్డు తుడిచాడు, మోకాళ్ల మీద కూర్చుని బల్ల కింద మూలలన్నీ తుడిచాడు. ఎక్కడా చేయి ఆగలేదు, తుడిచిన చోటికి రెండోసారి పోలేదు. ఇంట్లో ఎన్నడూ చీపురు ముట్టని మనిషి. అన్నేళ్లూ నేను అడగని ప్రశ్నకు ఆ చేతులే జవాబు చెప్పాయి.

మణికట్టు పట్టుకుని గుడ్డ లాక్కున్నాను. "ఈడ నీ పని గది గాదు" అని కుర్చీ జరిపాను. "కూసో."

ఎవరైనా లేవమంటారేమో అన్నట్టు అంచునే కూర్చున్నాడు. అప్పుడే పెళ్లికార్డు కోసం ఒకాయన గుమ్మంలోకి వచ్చి ఫొటో ఇచ్చాడు. స్కాన్ చేసి తెరిచాను. పెళ్లికొడుకు తలపాగా నుంచి చెప్పుల దాకా ఒక్కసారే వచ్చాడు. మా ఆయన తెర వైపు చూశాడు, నా వైపు చూశాడు. కుర్చీలో వెనక్కి జరిగి, వచ్చినాయనకు స్టూలు చూపించాడు.

"కూసోండ్రి," అన్నాడు. "ఇప్పుడే చేసిస్తం."