లోపలి కుట్టులోని పోగులు

వీధి చివర ఎవరో చెత్త తగలబెడుతున్నారు. పాలిస్టర్ గుడ్డ కాలే ఆ ఘాటు వాసన వస్తే ఇప్పటికీ కిటికీ మూసేస్తాను. పొగకు కాదు, సిగ్గుతో.

భువనగిరిలో కిరాయి షెడ్డు తీసుకుని, గుట్టలెక్కేవాళ్లకు కోట్లు కుట్టించేవాణ్ణి. 'చిరిగితే పారేయకండి. మాకు పంపండి, బాగుచేసి ఇస్తాం. నేల మీద చెత్త పెంచం' అని ప్రతి కోటు లోపలా అచ్చు వేయించాను. మాట నాది, నిలబెట్టింది మోత్కూర్ నుంచి రోజూ బస్సులో వచ్చే హమీదా అమ్మీ. చిరుగు మీద పోగు పోగు అల్లి, కనబడకుండా రఫూ చేసేది. కొత్త దారం ముట్టేది కాదు. ఆ కోటు లోపలి కుట్టు విప్పి, అక్కడి పోగులే లాగేది.

"బజార్ల మంచి దారం దొరకదా అమ్మీ?" అన్నానొకసారి.

"దొరుకుతది బిడ్డా. గానీ గది గీ కోటుతోని వానల తడిసిందా? రంగెట్ల కలుస్తది?"

ఒక ఏడు చిరిగిన కోట్లు గుట్టగా పడ్డాయి. ఆమె చేతికి రోజుకొకటే పూర్తయ్యేది. అమ్మీ నమాజుకు వెళ్లిన మధ్యాహ్నం రెండు బస్తాల కోట్లు షెడ్డు వెనక తగలబెట్టించి, వాటి సొంతదారులకు కొత్తవి పంపాను. కొత్తదిస్తే ఎవరు కాదంటారనుకున్నాను. చెప్పేవి శ్రీరంగనీతులు!

వారం తర్వాత ఒకామె వచ్చి కొత్త కోటు నా బల్ల మీద పెట్టింది. "గిది నాది కాదు. నాది మా తమ్ముని కోటు. వాడు పోయినంక నేనే తొడుక్కుంటున్న. గదే ఇయ్యి."

నేను అమ్మీ వైపు తిరిగాను. "అమ్మీ, యాడ పెట్టినవో చూడు," అన్నాను. ఎంత మాట అన్నానో నోరు దాటాక తెలిసింది.

అమ్మీ షెడ్డు వెనకకు వెళ్లింది. అక్కడ బూడిదలో కరిగిన జిప్పులు ఇంకా ఉన్నాయి. తిరిగొచ్చి ఆ వచ్చినామె చేయి పట్టుకుంది. "నా చేతులనే ఖరాబైంది బిడ్డా. మాఫ్ చెయ్యి."

నేను తల దించుకుని నిలబడ్డానే తప్ప నోరు విప్పలేదు. ఆమె ఏడుస్తూ వెళ్లాక అమ్మీ సూదుల డబ్బా సర్దుకుంది. "నీ మాట పోవద్దని అన్న. ఇగ నేను రాను."

కొన్ని నెలలకు తప్పు ఒప్పుకుందామని మోత్కూర్ వెళ్లాను. అమ్మీ చాయ్ ఇచ్చి, నా చొక్కా జేబు చిరిగి ఉండటం చూసి, "ఇటియ్యి" అంది. నేను బనీనుతో కూర్చుంటే, ఆ చొక్కా అంచులోంచే పోగులు లాగి అల్లింది. ఒప్పుకుందామనుకున్నది చెప్పకుండానే చొక్కా తొడుక్కుని వచ్చేశాను. ఆ మరుసటి ఏడు ఆమె చనిపోయింది.

ఇప్పుడు షెడ్డులో ఇద్దరు రఫూ చేస్తారు, ఆలస్యమైనా సరే ఏ కోటునూ కాల్చం. దాంతో తప్పు తీరిందనుకునే ధైర్యం నాకు లేదు. ఆ చొక్కా ఎవరికి చూపించినా చిరుగు పోల్చుకోలేరు. ఎక్కడుందో నా వేలికి తెలుసు.