మెత్తటి పెడల్

బాబు మియా జీపు వనపర్తిలో నా లేత్ షెడ్డు ముందు ఎండలో పడి ఉండేది. పెట్రోలుతో నడిచే పాత ఇంజిను ఇక లేవదని తేలిపోయాక, పాత సామాన్ల దుకాణంలో దొరికిన డీజిల్ ఇంజిను తెచ్చి అందులో పెట్టిస్తానని పట్టుబట్టాడు. అది రెండు వేల నాలుగు. రోడ్లన్నీ సెవెన్ సీటర్ ఆటోలే. ఈ ముసలి బండిని ఎవరెక్కుతారని కసిరాను.

"ఎక్కుతరు జయరాజూ. ఎక్కకుంటే నాతోటి మాట్లాడెటోళ్లు ఎవరున్నరు?" అన్నాడు.

నిజమే. భార్య హలీమాబీ అంతకుముందు ఏడాదే చనిపోయింది. పిల్లలు లేరు. జీపు నడిచినన్నాళ్లూ వీపనగండ్ల దారిలో ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ ఆయన్ని పలకరించేవాళ్లు. అది ఆగిపోయాక పొద్దున్నే వచ్చి నా షెడ్డులో కూర్చునేవాడు. నేను షట్టరు దించేదాకా లేచేవాడు కాదు. పని చేసుకునేవాడి పక్కన అట్లా కూర్చుంటే ఎవరికైనా చిరాకే. నాకూ చిరాకే.

ఇంజిను మారిస్తే దానికీ గేర్లకూ మధ్య ఏం వేయాలన్నదే అసలు తలనొప్పి. ఇంజిను వెనక తిరిగే బరువైన చక్రం ఫ్లైవీల్. క్లచ్ ప్లేటు దానికి గట్టిగా అతుక్కుంటేనే ఇంజిను బలం గేర్లకు అందుతుంది. డీజిల్ బలం ఎక్కువ. దాని పెద్ద ఫ్లైవీలే ఉంచి, వెడల్పు ప్లేటు, గట్టి స్ప్రింగులు వేద్దామన్నాను. మియా వినలేదు. పాత చిన్న ఫ్లైవీల్‌కే కొత్తగా బోల్టు రంధ్రాలు వేసి, పాత మెత్తటి స్ప్రింగులే పెట్టమన్నాడు.

"జారుతది చాచా. మనుషులెక్కితే బండి లాగదు."

"గట్టి పెడల్ ఆమెతోటి కాదురా. మోకాళ్ల నొప్పులాయె."

నా చేతిలో పానా అట్లాగే ఉండిపోయింది. క్లచ్ సరిచేయాలంటే ఇద్దరుండాలి. ఒకరు పైన పెడల్ తొక్కితే ఒకరు కింద పడుకుని చూసుకోవాలి. మియా ఇంటి ముందు జీపు సీట్లో కూర్చునేది హలీమాబీ. పొయ్యి మీది కూర దించి వచ్చి మరీ తొక్కేది. ఆమె కాలికి బరువు కాకూడదని ఆయన ఎప్పుడూ మెత్తటి స్ప్రింగులే తెచ్చేవాడు. తానేమన్నాడో మియాకు తెలిసినట్టు లేదు. ఆమె లేదని ఆయనకు నేను చెప్పాలా? నా వల్ల కాలేదు. రంధ్రాలు వేసిచ్చాను.

మొదటి రోజే వీపనగండ్ల దారిలో ఎత్తు దగ్గర క్లచ్ జారింది. ఇంజిను అరుస్తోంది, చక్రాలు కదలవు, కమురు వాసన. జనం ఒక్కొక్కరే దిగారు. మునుపు రోజూ ముందు సీట్లో కూర్చుని ఇంటి ముచ్చట్లన్నీ చెప్పిన రాములమ్మ కూడా, "ఏమనుకోకు మియా, పొద్దు వోతుంది" అంటూ ఆటో ఎక్కిపోయిందట. అందరూ దిగాక జీపు మెల్లగా ఎత్తెక్కిందట.

మర్నాడు మియా నా ముఖం చూడకుండా, "పెద్దదే వెయ్యి" అన్నాడు.

వేశాను. ప్లేటు నడిమి పళ్లు పాత గేర్‌బాక్సు కడ్డీకి సరిపోయేలా చూశాను. చివరికి పెడల్ సరిచేయడం మిగిలింది. మియా కింద దూరాడు. నేను సీట్లో కూర్చున్నాను.

"తొక్కు."

తొక్కాను. నా కాలికే బరువుగా ఉంది. కింద పానా తిరిగిన చప్పుడు వినిపించి, ఆగింది. తర్వాత ఏ చప్పుడూ లేదు. నా పిక్క పట్టేస్తోంది.

"అయిందా చాచా?"

"అయింది."

"మరి వదలాల్నా?"

"వదులు. గని దిగకు బేటా. జరసేపు గట్లనే కూసో."

షెడ్డులో పని ఆగిపోయింది. అయినా నేను దిగలేదు.