తనంతట తెరుచుకునే పేజీ

“నా పిల్ల నోరు కూడా అలాగే మూయించేస్తారేమో పిన్నీ. నాకదే భయం.”

పిన్ని తలెత్తలేదు. దబ్బనంతో కాగితాల మడతకు కంతలు పొడుస్తూ, “భయపడ్డం తప్ప నీకు వేరే పనే లేదా? ఆ జిగురు గిన్నె ఇటివ్వు,” అంది.

పిన్ని ముప్ఫై అయిదేళ్ళుగా పుస్తకాలకు బైండింగ్ చేస్తోంది. ఇంటి ముందుగదే దుకాణం. అందులో ఒక స్టూలు అక్కకూతురిది. ఆ అమ్మాయి ఆసుపత్రి ల్యాబులో పగలంతా రక్తకణాలు లెక్కపెడుతుంది, ఇంటికెళ్ళాక తొమ్మిదేళ్ళ కూతురి తుమ్ములు లెక్కపెడుతుంది.

ఆ వారం కొత్త బెంగ చేరింది. ఆదివారం వేదికెక్కి లేఖనం చదవడానికి పాస్టరుగారు పాపను ఎంచుకున్నారు. సంఘపెద్ద ఆ పేరు కొట్టేశాడు. “ఆడపిల్లలు పాడితే చాలు,” అన్నాడట.

అప్పుడూ ఈ మనిషే. ఇరవయ్యేళ్ళ వయసులో పిన్ని అదే వేదిక మీద చదువుతుంటే వెనకనుంచి మూడుసార్లు దగ్గాడు. తర్వాత లేచొచ్చి, ఆమె వేలు ఇంకా వాక్యం మీద ఉండగానే పుస్తకం లాక్కున్నాడు. అప్పట్నుంచి పిన్నికి అతను ‘దగ్గుదొర’. అతని తల్లి పోయినప్పుడు వెళ్ళింది కానీ అతన్ని మాత్రం పలకరించలేదు.

“నలభై ఏళ్ళు కడుపులో దాచుకున్నానే. ఇప్పుడు చూడు, వాడే పంపించాడు,” అంటూ బల్ల మీది పెద్ద గ్రంథాన్ని తట్టింది. వేదిక మీది బైబిలే. అట్ట ఊడి, కుట్లు తెగి బాగుచేయడానికొచ్చింది.

కొత్త కుట్టు వేసి, జిగురు ఆరాక, పిన్ని దాన్ని ఒకచోట బార్లా తెరిచింది. తొలినాటి అపొస్తలుడొకాయన దూరపు నగరంలోని విశ్వాసులకు రాసిన ఉత్తరంలో చివరి పేజీ అది. అంతా వందనాలే. నున్నటి కర్రముక్కతో ఆ మడతను పళ్ళు బిగించి అదిమింది. మళ్ళీ అదిమింది. పైన చల్లటి ఇస్త్రీపెట్టె పెట్టి నాలుగు రోజులు వదిలేసింది.

“వెన్ను ఒక్కచోట విరిస్తే పుస్తకం జన్మలో మర్చిపోదు.”

“కాగితంలో పీచు వంగిపోతుంది పిన్నీ, ఇక తిరిగి రాదు.”

“నీ సైన్సు నాకెందుకే! వాడికి చెప్పు.”

ఆదివారం దగ్గుదొర గ్రంథం తెరిచాడు. వందనాల పేజీ వచ్చింది. తిప్పేశాడు. తను చదవాల్సింది మొదలుపెట్టి చెయ్యి తీశాడో లేదో, కాగితాలు గుంపుగా దొర్లి మళ్ళీ వందనాల దగ్గరే ఆగాయి. ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర పిన్నిని నిలదీశాడు.

“ఏం బైండింగమ్మా ఇది?”

“కొత్త కుట్టు కదండీ. అలవాటు పడాలి. అదైనా, మీరైనా.”

మూడోవారం మోచేత్తో నొక్కిపట్టి చదువుతుంటే, ముందు వరస ముసలావిడ ఉండబట్టలేకపోయింది. “పాపం, అది అంతలా బతిమాలుతోంది. ఆ ముక్కేదో చదివెయ్యరాదూ నాయనా!”

అందరూ నవ్వారు. పాస్టరుగారూ చదవమని తలూపారు. ఇక తప్పలేదు. ఆ ఉత్తరం పట్టుకొస్తున్నది ఒక స్త్రీ, సంఘ సేవకురాలు, ఆమెకు ఏం కావాలన్నా చేసిపెట్టమన్నాడు రాసినాయన. ఒక జంటలో భార్య పేరే ముందుంది. ప్రభువు పనిలో ఒళ్ళు దాచుకోనివాళ్ళంటూ మెచ్చుకున్న పేర్లలో ఆడవాళ్ళవే ఎక్కువ. ఒక్కో పేరుకూ దగ్గుదొర గొంతు ఒక్కో మెట్టు దిగింది. అతని ప్రతి గుటకనూ పిన్ని కళ్ళతో తాగింది.

తర్వాత లేచి నిలబడింది.

“అయ్యగారూ, ఒక్క సందేహం. ఆ ఉత్తరం అక్కడ పైకి చదివి వినిపించిందెవరై ఉంటారు? తెచ్చినావిడేనేమో కదా? అప్పుడు వెనకనుంచి ఎవరైనా దగ్గారంటారా?”

దగ్గుదొర చెవులు కందిపోయాయి. పాస్టరుగారు లేచి, “రాసినాయన మగా ఆడా అని విడదీయలేదు, విడదీసింది మనం. వచ్చేవారం పాప చదువుతుంది,” అన్నారు.

బయటికొచ్చాక అక్కకూతురు అడిగింది. “కసి తీరిందా పిన్నీ?”

“సగమే. మిగతా సగం పాప తీరుస్తుంది.”

“అది తడబడితే? గొంతు పట్టేస్తే?”

అప్పుడు పిన్ని ఒక మాట చెప్పింది. పాప వేదికెక్కినప్పుడల్లా ఆ తల్లి నేటికీ అదే చేస్తోంది.

“పిల్ల మొహం చూస్తూ పెదాలు కదపకు, నీ భయం దానికంటుకుంటుంది. వెళ్ళి వాడి పక్కనే కూర్చో. వాడి మొహమే చూడు. గొంతు సవరించుకోబోయాడా, ఓ దగ్గుబిళ్ళ తీసి చేతిలో పెట్టు.”