చివరి అట్ట దాకా కాశప్ప

మా కాశప్పకు ఉన్నది ఒక్కటే జబ్బు. లైబ్రరీకి వచ్చిన పుస్తకాన్ని క్యాటలాగులో ఎక్కించాలంటే, ముందు అట్ట నుంచి వెనక అట్ట దాకా దాన్ని చదివి తీరాలి.

ఇందులో జబ్బేముంది అంటారేమో. లోకంలో ఏ లైబ్రరీలోనూ ఎవరూ ఆ పని చెయ్యరు. పేరు చూస్తారు, రాసినవాడెవడో చూస్తారు, విషయసూచిక మీద ఒక చూపు పారేస్తారు. ఇది వంటలు, ఇది వ్యవసాయం అని నంబరేసి బీరువాలోకి తోస్తారు. టీ చల్లారేలోపు అయిపోయే పని. అదే కాశప్ప చేతిలో పడితే ఆ టీ తాగినవాడికి మనవళ్లు పుడతారు. ముందుమాట, అచ్చుతప్పుల పట్టిక, కాగితం ఇప్పించిన బావమరిదికి కృతజ్ఞతలు, ప్రెస్సువాళ్ల ఫోన్ నంబరు, ఏదీ వదలడు. ఒకసారి ఆ నంబరుకు ఫోన్ చేసి, మోగుతుందని నిర్ధారణ చేసుకున్నాక గానీ పుస్తకం మూయలేదు.

నేను అదే లైబ్రరీలో కంప్యూటర్ ఆపరేటర్ని. ఆదోనిలో పత్తి వ్యాపారులు ఎప్పుడో ట్రస్టు పెట్టి కట్టించిన లైబ్రరీ అది. నేను ఇంటర్ మధ్యలో మానేశాను. ఫెయిలై కాదు, నా వేగాన్ని కాలేజీ అందుకోలేకపోయింది. నేను టైపు కొడుతుంటే కీబోర్డు వేడికి పక్కనున్న పాలు కాగిపోతాయి. అలాంటి నన్ను తీసుకుపోయి కాశప్ప పక్కన కూర్చోబెట్టారు. ఆయన చదివి చెబితేనే నేను కొట్టాలి. ఆ కుర్చీలో కూర్చుని నేను తీసిన ఆవలింతలకు ఫ్యాను తిరిగేది.

ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల పుస్తకాలు రాసి సొంతంగా అచ్చేయించుకునేవాళ్లు పత్తికి పట్టే పురుగు కంటే ఎక్కువ. అందరూ మా లైబ్రరీకి ఒక ప్రతి ఇచ్చి పోతారు. ఎవరైనా చంకలో కొత్త పుస్తకంతో గుమ్మంలో కనబడితే చాలు, కాశప్ప రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంటాడు.

"మళ్లా ఒగడు రాసినాడప్పా! ఇంగ నేను బతికేది ల్యా."

ఆ మూలుగు పూర్తికాకముందే మొదటి పేజీ తెరిచి ఉంటాడు.

"అన్నా, పేరు సూస్తే దేని గురించో తెలిసిపోతాది గదా?" అనేవాణ్ని.

"పేరుకేమి తిరుపాలూ, దేవుని పేరే పెట్టినారు నీకు. నిన్ను సూస్తే ఎవురన్నా దండం పెడతారా?"

చదవడంతో అయిపోతే బాగుండు. చదివాక సందేహాలొస్తాయి. సందేహమొస్తే ఆదివారం బస్సెక్కి రాసినవాడి ఇంటికే పోతాడు. మంత్రాలయంలో లాడ్జి గుమస్తాగా చేసి మానేసిన లక్ష్మప్ప తన అనుభవాలన్నీ 'గది ఖాళీ లేదు' అని పుస్తకం వేశాడు. కాశప్ప పోయి తలుపు తట్టాడు. నేనూ వెంట ఉన్నాను, భోజనం పెడతారేమోనని.

"మూడో అధ్యాయంలో షోలాపూరోళ్లకు పైగది ఇచ్చినావు లక్ష్మప్పా. ఆమీట వాళ్ల మాటే ల్యా. ఎప్పుడు ఖాళీ చేసినారు?"

"ఏమోన్నా, ఎప్పుడో పోయింటారు."

"పోయింటారంటే? బీగం ఇచ్చినారా, ల్యాదా?"

లక్ష్మప్పకు చెమటలు పట్టాయి. మేము అటు పోగానే చెప్పులు కూడా వేసుకోకుండా లాడ్జికి పరిగెత్తి, ఆ గది తలుపు తీయించి మంచం కింద చూశాడట. షోలాపూర్ వాళ్లు ఇంకా అక్కడే ఉన్నారేమోనని భయం. అప్పటినుంచి నెలకోసారి ఆదోని వచ్చి, కాశప్ప ముందు చేతులు కట్టుకుని నిలబడేవాడు. "ఇంగేమన్నా తప్పులు దొరికినాయాన్నా?" పాపం, ఎంత భయపెట్టాడో అనుకునేవాణ్ని.

ఇక దుర్గప్ప సంగతి. ఆదోని నుంచి కోటేకల్, ఎమ్మిగనూరు మీదుగా నందవరం పోయే బస్సులో కండక్టరుగా చేసి రిటైరైనాడు. తన సర్వీసంతటిలో టిక్కెట్టు తీసుకోకుండా ప్రయాణం చేసిన వాళ్లందరి మీదా ఒక గ్రంథం రాశాడు. పేరు 'టిక్కెట్టు లేని వాళ్లు'. మందం ఎంతంటే, దాన్ని టేబుల్ మీద పెట్టిన రోజు కింద పడుకున్న పిల్లి ఊరే వదిలిపెట్టి పోయింది. ఎమ్మిగనూరులో ఆయన మంచం కింద ఆ పుస్తకం ప్రతులే. బంధువులకు పంచాడు, డిపోలో పంచాడు. ఒక్కడూ చదవలేదు. ఒకడు దాని మీద ఎక్కి బల్బు మారుస్తుంటే కళ్లారా చూసి వచ్చాడు.

ప్రతి సోమవారం వచ్చి కాశప్పను అడిగేవాడు.

"యాడికొచ్చింది కాశప్పా నా పుస్తకం?"

"ఇంగా కోటేకల్ దాటలేదన్నా. శానా రష్షుగా ఉంది."

"నిదానంగా రానీ, నిదానంగా రానీ," అని దుర్గప్ప సంతోషంగా కూర్చునేవాడు. టీ తాగి, రెండు కథలు చెప్పి, సాయంత్రం బస్సుకు పోయేవాడు.

ఇలా ఉండగా ట్రస్టు సెక్రటరీ జయరాం సారు వచ్చాడు. జిన్నింగు మిల్లు ఓనరు. ఏ వస్తువునైనా బేలు కట్టి లారీకెక్కిస్తే తప్ప ఆయనకు నిద్రపట్టదు.

"కాశప్పా, దేశంలో లైబ్రరీలన్నీ క్యాటలాగులు ఒకచోట కలుపుతాండారంట. మనమూ చేరాల. ఈ గుట్టేంది?" అన్నాడు, మూలనున్న పుస్తకాలు చూపించి.

"ఇంగా సదవాల్సినవి సార్."

"ఆడ పిల్లోళ్లు గ్రూప్స్ పరీక్షకు సదివేదానికి కుర్చీ ల్యాక మెట్ల మీద కూసున్నారు. ఈడ నువ్వు గుట్ట పెట్టుకున్నావు. గ్రంథాలయ వారోత్సవాల లోపల క్యాటలాగులోకి ఎక్కనిది ఏదైనా సరే, తూకానికి పోతాది. కొత్త సాఫ్ట్‌వేర్ తెప్పించినా. అట్ట ఫొటో తీస్తే సాలు, దేని గురించో అదే సెప్తాది."

కాశప్ప మొహం చూస్తే పెద్దదిక్కు పోయినవాడిలా ఉంది. "అట్ట సూసి సెప్తాదా?" అని మూడు రకాలుగా అడిగాడు. జవాబు మాత్రం ఒక రకంగానే వచ్చింది.

ఇక నా కాలం వచ్చింది. ఒక్క పూటలో గుట్ట మొత్తం ఊదేశాను. ఫ్లాష్ కొట్టి కొట్టి, వీధిలోవాళ్లు పెళ్లి జరుగుతోందని లోపలికి తొంగిచూశారు. కాశప్ప నా భుజం మీదుగా తెర చూస్తూ ఒక్కో పుస్తకానికి ఒక్కో రకంగా ఏడ్చాడు.

జమ్రుద్‌బీ అవ్వ మనవళ్ల కోసం కట్టిన లాలిపాటలు, 'పత్తిపువ్వా పడుకో'. సాఫ్ట్‌వేర్ వాటిని వాణిజ్య పంటల్లో వేసింది. (ఆ సాయంత్రమే కృష్ణగిరి రైతు ఒకాయన గులాబీ పురుగుకు మందు ఉంటుందని దాన్ని తీసుకుపోయి, చేలో నిలబడి పాడాడు. పురుగు నిద్రపోయిన మాట నిజమే. పత్తి కూడా నిద్రపోయింది.) 'గది ఖాళీ లేదు' గృహవసతి సమస్యలోకి పోయింది. హెప్సిబా టీచరు తన జీవితం రాసుకుంటే, పుస్తకం అచ్చయిన సంవత్సరాన్నే ఆమె పుట్టిన సంవత్సరంగా పట్టుకుంది. దాని లెక్కన టీచరమ్మ పుట్టకముందే రిటైరైంది.

"ఈ తప్పు ఈడనే ఉంటే ఏడ్చి ఊరుకుందును తిరుపాలూ," అన్నాడు కాశప్ప, అన్నం డబ్బా కూడా తెరవకుండా. "ఇది ఢిల్లీ పోతాది, కలకత్తా పోతాది. ఆడినుంచి ఇంగో లైబ్రరీ దించుకుంటాది. దాన్ని సూసి ఇంగోటి. నూరేండ్లకు ఎవడన్నా ఎతికితే హెప్సిబమ్మ పసిబిడ్డ. కాదని సెప్పేదానికి నేనుండను, ఆమె ఉండదు. దించుకునేటోళ్లు వేలమంది, దిద్దేటోడు ఒగడూ ల్యా. అయిపాయ. అంతా అయిపాయ."

చివర్న దుర్గప్ప గ్రంథం మిగిలింది. కెమెరాలో అట్ట పట్టడానికి నేను కుర్చీ ఎక్కాల్సి వచ్చింది. తెర మీద అక్షరాలు వచ్చాయి: బస్సు ప్రయాణాలు, కండక్టర్ల అనుభవాలు, ఆదోని ప్రాంతం.

కాశప్ప కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. "కరెక్టే," అన్నాడు. అన్ని తప్పులకూ గట్టిగా ఏడ్చినవాడు, ఈ ఒక్క ఒప్పుకు మాత్రం గుట్టకు వీపు తిప్పి కిటికీ దగ్గరికి పోయి కూర్చున్నాడు.

నేను మాత్రం ఊరుకుంటానా! తెర ఫొటో తీసి దుర్గప్పకు వాట్సాప్‌లో పంపాను. 'మీ పుస్తకం దేశం క్యాటలాగులోకి ఎక్కింది' అని. కనీసం అరకిలో మైసూరుపాకైనా వస్తుందని నా లెక్క.

మర్నాడు తలుపులు తీసేసరికే దుర్గప్ప మెట్ల మీద ఉన్నాడు. పక్కన భార్య మహాదేవమ్మ. మైసూరుపాక్ లేదు. ఆయన మొహం కూడా సరిగా లేదు.

"పోయిన సోమారం కోటేకల్ దాటలేదంటిరి. ఒగ పూటలో నందవరం ఎట్లొచ్చె?" అన్నాడు.

"మిషను చేసింది పెద్దాయనా," అన్నాను గర్వంగా.

"మిషను సదివిందా?"

"సదవల్యా. అట్ట సూసింది."

"అయితే తీసెయ్."

"ఏంది?"

"క్యాటలాగులోంచి నా పుస్తకం తీసెయ్ నాయనా. బస్సు బోర్డు సూసి, ఎక్కకుండానే ఊరు సేరినా అన్నట్లుంది నాకు. కాశప్ప సదివినాకనే ఎక్కించు."

అప్పుడే మిల్లుకు పోతూ జయరాం సారు లోపలికి వచ్చాడు. విషయం విని, "తీసేస్తే తూకానికి పోతాది, ముందే సెప్పినా," అన్నాడు.

"పోనీండి సార్. సదవని పుస్తకం బీరువాలో ఉన్నా ఒగటే, బజ్జీల బండి మీద ఉన్నా ఒగటే." దుర్గప్ప గొంతు బస్సు చివరి సీటుకు కూడా వినబడే గొంతు. ఆ రోజు పక్కనున్న నాకే సరిగా వినబడలేదు. పోయి ఆ గ్రంథాన్ని టేబుల్ మీదనుంచి రెండు చేతులా ఎత్తుకున్నాడు. మహాదేవమ్మ ఒక చెయ్యి వేసింది.

ఇద్దరూ గుమ్మం దాకా పోయారు.

"దుర్గప్పన్నా," అన్నాడు కాశప్ప నిన్నటి కిటికీ దగ్గర్నుంచే. "ఆఖరు పేజీలో ఆ గొర్రెలాయప్ప ఉండాడే. గొర్రెకు టిక్కెట్టు తీసి తాను తీసుకోలేదు. రిటైరైన రోజు ఆయప్పే గదా నీకు పూలదండ ఏసింది?"

దుర్గప్ప ఆగిపోయాడు. "అది ఆఖరు పేజీ."

"నేను సెప్పేదీ అదే."

"నువ్వు కోటేకల్ కాడ ఉండావు గదప్పా!"

"రెండో తూరి," అన్నాడు కాశప్ప, దొంగతనం బయటపడ్డవాడిలా. "మొదటి తూరి ఎండాకాలమే అయిపాయ."

జయరాం సారు గుట్ట వైపు చూశాడు. "మరి ఇవన్నీ?"

"అవీ అయిపోయినాయి సార్."

"అయిపోతే ఎక్కించేదానికి ఏమి రోగం?"

కాశప్ప చాలాసేపు బల్ల మీది దుమ్ము తుడిచాడు. "ఎక్కిస్తే పని ముగిసినట్లే గదా సార్. ఇంగ రాసినోళ్లు ఏంటికొస్తారు? మావన్నీ ఎవురూ తెరవని బీరువాలు. 'ఇంగా సదువుతాండా' అంటే, పాపం, వచ్చి కూసుంటారు. వాళ్ల పుస్తకం గురించి మాట్లాడేదానికి వాళ్లకు యాడా మనిషి ల్యా. తప్పులుండాయంటే మళ్లా వస్తారు. దానికే... ల్యాని తప్పులు గూడా రెండు మూడు సెప్పింటా."

నాకు షోలాపూర్ వాళ్ల గది బీగం గుర్తొచ్చింది. నెలనెలా వచ్చే లక్ష్మప్ప గుర్తొచ్చాడు. ఆయన భయంతో వస్తున్నాడని అనుకున్న నా తెలివితేటలు కూడా గుర్తొచ్చాయి. ఆ మూడోది మాత్రం వెంటనే మరిచిపోయాను.

జయరాం సారు గొంతు సవరించుకున్నాడు. "సరేలే. సదివినోడివి గదా, మిషను తప్పులన్నీ దిద్దు. దిద్దినంక గూడా వాళ్లు రావచ్చు. లైబ్రరీకి రావద్దని ఎవురన్నారు?"

కాశప్ప కూర్చుని, ఒక్క పుస్తకమూ తెరవకుండా చెప్పుకుంటూ పోయాడు. జమ్రుద్‌బీ, లాలిపాటలు. లక్ష్మప్ప, ఆత్మకథ. హెప్సిబా టీచరుకు అసలు పుట్టిన సంవత్సరం. జీవితంలో మొదటిసారి నా వేళ్లు వెనకబడ్డాయి. తప్పు కీబోర్డుది.

అంతసేపూ దుర్గప్ప గ్రంథాన్ని ఒళ్లో పెట్టుకుని, ఇంటర్వ్యూకు వచ్చిన పిల్లవాడిలా కూర్చున్నాడు. పని అయ్యాక మెల్లగా అడిగాడు.

"అదిగాదు కాశప్పా... ఎట్లుంది?"

కాశప్ప రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. "సంపినావన్నా. అంత పొడుగుంటే ఎట్ల బతకల్ల మనిషి? కండ్లు పోయినాయి, నడుము పోయింది." చేతులు దించాడు. "గొర్రెలాయప్ప పోయినాక ఆ గొర్రెను ఎవురు సూసుకున్నారో రాయకపోతివి. దాని గురించి నాకు నిద్రే ల్యా."

దుర్గప్ప మొహం వెలిగిపోయింది. భార్య వైపు తిరిగి, "వింటివా మహాదేవీ? నిద్ర ల్యాదంట!" అన్నాడు. బస్సు చివరి సీటుకు వినబడే గొంతుతో.

"వింటిలే," అంది మహాదేవమ్మ కాశప్పకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టి. "పుణ్యాత్ముడు ఒగడు సదివినాడు. ఇంగ నన్ను సదువు సదువని సంపొద్దు."