మా సడ్డకుడు తీసిన పిల్లలకోడి

పొద్దున చాయ్ తాగుతూ ఫోన్ తెరిస్తే చుట్టాల గ్రూపులో మా తోడల్లుడు పెట్టిన చందమామ ఫొటో కనిపించింది. మా దిక్కు తోడల్లుణ్ని సడ్డకుడు అంటారు. ఆ మాటలోనే కొంచెం పేచీ వినిపిస్తుంది నాకు. ఫొటో కింద అప్పటికే బంధువులంతా దండాలూ చప్పట్లూ గుప్పించారు. నేను మాత్రం రెండు వేళ్లతో దాన్ని పెద్దది చేసి, ఎక్కడైనా చెదిరిందా, ఎక్కడైనా మసక ఉందా అని అంచులన్నీ గాలించాను. ఎక్కడా లేదు. గుంటలు గోటితో గిల్లినంత స్పష్టంగా ఉన్నాయి. "ఇంకా దాన్నే సూస్తున్నవా? చాయ్ సల్లారిపాయె," అంది నా భార్య. తన చెల్లెలి మొగుడు కదా, ఆమెకు గర్వం. నాకు కడుపుమంట. ఈ మంట ఎక్కడ అంటుకుందో చెప్పాలంటే మా మామ కోరిన కోరిక దగ్గరికి పోవాలి.

మామ ఉద్యోగమంతా భూమి లోపలే గడిచింది. ఇక్కడ గనిని బాయి అంటారు. ఆయన బాయి దిగినప్పుడు మీసం రాలేదు, ఉద్యోగం దిగిపోయేనాటికి మీసం నెరిసింది. రిటైరయ్యాక గోదావరిఖనిలో ఇల్లు మొదలుపెట్టాడు. గోడలు లేస్తుండగా ఒకరోజు ఇటుకల మీద కూర్చొని నాతో అన్నాడు. "అల్లుడా, చిన్నప్పుడు మక్కచేనుకు కావలి పోతే పిల్లలకోడిని సూసి ఎంత పొద్దువోయిందో చెప్పెటోళ్లం. గిప్పుడు తలెత్తితే దుమ్ము, లైట్లు. దాని ఫొటో ఒకటి తీసియ్యరాదు? కొత్తింట్ల పెట్టుకుంట." పిల్లలకోడి అంటే కృత్తికలు, కోడి చుట్టూ పిల్లలు ముడుచుకున్నట్టుండే చుక్కల గుంపు. పెద్దల్లుణ్ని నేను, కొత్తగా కెమెరా కొన్నది నేను, అడిగింది నన్ను. మాఘమాసంలో గృహప్రవేశం. ముందుగదిలో, వచ్చినవాళ్లందరికీ కనబడే గోడ మీద, నేను తీసిన ఫొటో ఉండాలి. ఇంత గట్టిగా నేను పెళ్లి కూడా కోరుకోలేదు.

మొదట మా క్వార్టర్ మిద్దె మీదినుంచి తీశాను. కాలనీ లైట్లు, అవతల కరెంటు ప్లాంటు వెలుగు కలిసి, ఫొటో నిండా పసుపునీళ్లు పోసినట్టయింది. సరే, ఎత్తుకు పోదామని ఓపెన్‌కాస్ట్ బొగ్గుగని పక్కన తవ్విపోసిన పాత మట్టిగుట్ట ఎక్కాను. మా దగ్గర కొండలు దేవుడు పెట్టినవి తక్కువ, కంపెనీ పోసినవి ఎక్కువ. స్టాండు బిగించి ఊపిరి బిగపట్టి తీస్తే ఒక్కో చుక్కా వానపాములా సాగింది. కింద రోడ్డు మీద డంపర్లు పోయినప్పుడల్లా పోసిన మట్టి వణుకుతోందని, ఆ గుట్టల మధ్యే పుట్టి పెరిగిన నాకు తోచలేదు. మూడోసారి వెలుగులకు దూరంగా గోదావరి ఒడ్డుకు పోయాను. ఇసుక కదల్లేదు, ఆకాశం నల్లగా ఉంది. కానీ లెన్సు మీద మంచు పట్టింది. మెడలో తువ్వాలు తీసి తుడిచాను. మా ఊళ్లో తువ్వాలంటే సగం బట్ట, సగం బొగ్గుపొడి; లెన్సు మీద గీతలు పడ్డాయి. నాకు ఏడుపొక్కటే తక్కువ.

ఈ మూడుసార్లూ సడ్డకుడు నా వెంటే ఉన్నాడు. ఫ్లాస్కులో చాయ్ పట్టుకొచ్చేవాడు, బ్యాగు మోసేవాడు, ఫొటో చెడిపోయినప్పుడల్లా "ఏమైందే అన్నా?" అని ఎంతో బాధగా అడిగేవాడు. నేనేమో ఏది ఎట్లా చెడిందో వివరంగా చెప్పేవాణ్ని. వినేవాడు దొరికితే నాకు నోరు ఆగదు. లెన్సు రిపేరుకు పోయిన వారంలో ఆయన ఎవరి దగ్గరో కెమెరా అడిగి తెచ్చుకున్నాడట. ఊళ్లు దాటి పోయి, పోసిన మట్టి కాకుండా పుట్టురాయి మీద స్టాండు పెట్టాడట. మోకాళ్ల నొప్పులకు కాపడం పెట్టే వేడి ఉప్పుమూటను మంచు పట్టకుండా లెన్సు చుట్టూ కట్టాడట. ఉతికిన తెల్లబట్ట విడిగా జేబులో పెట్టుకున్నాడట. నేను చేసిన ప్రతి తప్పూ ఆయన చెయ్యకుండా వదిలాడు, అంతే. గృహప్రవేశం నాడు పాలు పొంగించకముందే ఫొటో గోడెక్కింది. నల్లటి ఆకాశంలో పిల్లలకోడి, ఏ పిల్లకాపిల్ల విడిగా, సూదిమొనల్లా. చాలా బాగుంది. దాన్ని గోడ మీదినుంచి లాగి పడేయాలనిపించింది.

బంతిలో మటన్ వడ్డించారు. నేను ముక్కలు పక్కకు జరుపుతూ కూర్చున్నాను. సడ్డకుడు అందరి ముందూ "అన్న దగ్గర్నే నేర్సుకున్న" అన్నాడు. నిజమే చెప్పాడు, అందుకే ఇంకా మండింది. నేను చెయ్యి కడుక్కొని పెరట్లోకి పోయి కూర్చుంటే మామ నెమ్మదిగా వెనకాలే వచ్చాడు. ఆయన ఎడమకాలు కొంచెం ఈడుస్తాడు. పక్కన కూర్చొని ఆ కాలు చాపుకున్నాడు. "బాయిల పట్టాల మీద బొగ్గు టబ్బులను గుంజే తాడుంటది. అది నడుస్తుంటే దాటొద్దని బోర్డు పెట్టిండ్రు. గది నా కాలు ఇరిగినంకనే పెట్టిండ్రు, బిడ్డా. తర్వాత ఎంతమంది కాళ్లు బతికినయో! బోర్డు మీద నా పేరైతె రాయలే."

"నీకు బాధ అనిపియ్యలేదా మామా?" అన్నాను.

"ఎందుకనిపియ్యది? బోర్డు కాడికెళ్లి పోయినప్పుడల్లా అనిపించేది," అన్నాడు మామ, నవ్వకుండా.

ఆ మాటతో మంట చల్లారిందంటే అబద్ధం. నాకు ఊరట దొరకలేదు, తోడు దొరికింది. మామ చనిపోయాక కూడా ఆ ఫొటో ఆ గోడ మీదే ఉంది, కింద మూలన సడ్డకుడి పేరుతో. చూసినవాళ్లు ఆ పేరు చదివి మెచ్చుకుంటారు, పక్కనే నేను నిలబడి తల ఊపుతాను. కాలం నేర్చుకున్నవాడి పేరు గుర్తుపెట్టుకుంటుంది, దెబ్బ తిన్నవాడి పేరు దెబ్బ తిన్నవాడికే వదిలేస్తుంది.