హాస్టల్ మీదికొచ్చిన డ్రోన్

అప్పుడు నేను యూనివర్సిటీల మైనింగ్ మూడో సంవత్సరం. మా ఇల్లు పక్కనే సెంటినరీ కాలనీ సింగరేణి క్వార్టర్సే అయినా హాస్టల్లనే ఉండేదాన్ని. ఆదివారం పొద్దున తలస్నానం చేసి డాబా మీద జుట్టు ఆరబెట్టుకుంటున్న. నెత్తి మీద గుయ్‌మని చప్పుడైంది. చూస్తే డ్రోన్. నేను నైటీల ఉన్న. ఒళ్లు మండింది.

"ఎవడో వీడియో తీస్తుండు, పట్టుకోండ్రి!" అని కింద క్రికెట్ ఆడుతున్న మా క్లాసోళ్లకు ఒర్రిన.

లైబ్రరీ వెనక రిమోట్ పట్టుకొని నిలబడ్డ జూనియర్ దొరికిండు. ఎవ్వరూ ఏం అడగలే. మొదటి దెబ్బకే వాని కళ్లద్దాలు ఎగిరిపడ్డయి. రిమోట్ గుంజుకొని దాంతోనే మూతి మీద కొట్టిండ్రు. డ్రోన్ దానంతటదే వాపస్ వచ్చి దిగుతుంటే ఒకడు పట్టుకోబోయిండు, రెక్క అరచెయ్యి కోసింది. నెత్తురు చూసేసరికి అందరికీ పిచ్చి లేచింది. వికెట్లు పీకి కొట్టిండ్రు. నేను దిగొచ్చేసరికి వాడు మట్టిల పడున్నడు. చెప్పు తీసి ఒకటేసిన.

"అక్కా, పర్మిషన్ ఉంది... జేబుల ఉంది" అన్నడు.

నాకు వినబడ్డది. అయినా ఇంకోటి కొట్టిన.

వానితోని డ్రోన్ ఎగరేయిస్తున్న సార్ బ్యాటరీ కోసం ల్యాబ్‌కు పోయిండట, ఉరికొచ్చి అడ్డం పడ్డడు. కాయితం నిజమే. బిల్డింగుల పైకప్పుల సర్వే. ఫొటోలల్ల నేను బియ్యపుగింజంత ఉన్న, మొఖం గూడ తెల్వదు. సర్వే సంగతి హాస్టల్‌కు మాత్రం ఎవరూ చెప్పలే.

మూడోరోజు దవాఖానకు పోయిన. వానికి దవడ విరిగి, మూతికి కట్టు కట్టి ఉంది.

"ఎవలు బిడ్డా నువ్వు?" అన్నది వాళ్లమ్మ.

"ఒర్రింది నేనే. చెప్పుతో కొట్టింది గూడ నేనే."

ఆమె లేచి నా చెంప మీద ఈడ్చి కొట్టింది. చెవి గుయ్యిమన్నది. వాడు గోడ దిక్కు తిరిగిండు.

తర్వాత యూనివర్సిటీ కమిటీ కూర్చొని డ్రోన్లకు రూల్స్ రాసింది. ఒకరోజు ముందే హాస్టళ్లకు నోటీసు పెట్టాలె, ఎగరేసేటోని పక్కన సార్ ఉండాలె, హాస్టల్ మీదికి అస్సలు పోవద్దు. నన్నూ పిలిచిండ్రు.

"ఎగరేసేటోని మీద చెయ్యెయ్యొద్దని గూడ రాయండి సార్" అన్న.

"అది డ్రోన్ రూల్ కాదమ్మా" అన్నడు పెద్ద సారు.

రాయలే. కొట్టినోళ్లను, నన్ను ఒక సెమిస్టర్ సస్పెండ్ చేసిండ్రు. వాపస్ వచ్చినంక వాడు రెండుసార్లు ఎదురుపడ్డడు. రెండుసార్లూ మొఖానికి చెయ్యి అడ్డం పెట్టుకున్నడు.